పందొమ్మిదో నంబరు చొక్కా



చరిత్ర అనగానే రాజులూ, శాసనాలూ, యుద్ధాలూ మాత్రమే అనుకొనే అలవాటు మనకు బడిలోనే పడుతుంది. పిల్లలకు ఆ అలవాటు నేర్పినవారిలో నేనూ ఒకణ్ణి. ఒక ఊరు ఒక ఆటగాణ్ణి ఎలా జ్ఞాపకం పెట్టుకొన్నదో తెలిసికొన్న తరువాత, అదీ చరిత్రే అనిపించి ఈ టపా వ్రాస్తున్నాను.

మేరీలాండ్‌లో మా అబ్బాయి ఇంట కొన్నాళ్ళు ఉన్నప్పుడు, ఉదయపు నడకలో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. నాకంటె పదేళ్ళు పెద్ద. ఒక ఆదివారం నన్ను బాల్టిమోర్ నగరంలోని ఫుట్‌బాల్ స్టేడియం చూపించడానికి తీసికొనివెళ్ళాడు. బయట ఒక కంచు విగ్రహం ఉన్నది. కుడిచేయి వెనుకకు చాచి బంతి విసరబోతున్న మనిషి, కాళ్ళకు చీలమండలు దాటిన పాతకాలపు బూట్లు. ఆట చూడవచ్చినవారు ఆ బూటును తాకి మరీ లోపలికి వెళ్తున్నారు. మా పెద్దాయన కూడా తాకాడు. "మా జానీ యునైటస్" అన్నాడు. ఆ "మా" అన్న మాట దగ్గర నా కుతూహలం మొదలైంది.

అమెరికావారి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తేది, చేత్తో విసిరేది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగితే మరి నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. లేకపోతే బంతి ఎదుటివారి పరమవుతుంది. జట్టు నడకనంతా నిర్ణయించి, బంతిని ఎవరికి అందించాలో క్షణంలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. మన నాటకంలో సూత్రధారుని వంటివాడు. నేడు వ్యూహాలు గట్టుమీది శిక్షకుల నుండి శిరస్త్రాణంలోని చిన్న యంత్రం ద్వారా అతని చెవికి చేరుతాయి. యునైటస్ కాలంలో ఆ నిర్ణయాలు చాలావరకు క్వార్టర్‌బ్యాక్ తానే చేసేవాడు.

యునైటస్ 1933 మే 7న పిట్స్‌బర్గ్‌లో, లిథువేనియా నుండి వచ్చిన వారి వంశంలో పుట్టాడు. ఐదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తండ్రి నడిపిన బొగ్గు సరఫరా వ్యాపారాన్ని తల్లి భుజాన వేసికొని పిల్లలను పెంచింది. పేరున్న నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఆడాలని ఆశపడితే, బక్కపలచగా ఉన్నాడని వారు కాదన్నారు. లూయివిల్‌లో చదివి ఆడాడు. 1955లో సొంత ఊరి జట్టు స్టీలర్స్ అతణ్ణి తొమ్మిదో విడతలో ఎంచుకొన్నది. పోటీలు మొదలు కాకముందే ఇంటికి పంపివేసింది. అప్పటికే పెండ్లయినవాడు. పగలు నిర్మాణపు పనులకు వెళ్తూ, ఆట వదలలేక బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే చిన్న జట్టులో ఆటకు ఆరు డాలర్ల చొప్పున ఆడాడు.

1956లో బాల్టిమోర్ జట్టు పిలిచింది. జట్టు పేరు కోల్ట్స్, అంటే గుర్రపు పిల్లలు. గుర్రప్పందేలకు పేరుపడ్డ మేరీలాండ్‌కు తగిన పేరే. ఆ యేడు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ జార్జ్ షా కాలు విరగడంతో, షికాగో బేర్స్ మీద ఆటలో యునైటస్‌ను దింపారు. అతడు విసిరిన మొదటి బంతిని ప్రత్యర్థి అందుకొని ఎదురు టచ్‌డౌన్ చేశాడు. అంతకంటె అపశకునం ఏముంటుంది? అయినా శిక్షకుడు వీబ్ యూబ్యాంక్ అతణ్ణి నమ్మాడు. అదే యేడు మొదలై 1960 దాకా వరుసగా 47 ఆటలలో యునైటస్ కనీసం ఒక టచ్‌డౌన్ బంతి విసిరాడు. ఆ రికార్డు 2012లో డ్రూ బ్రీస్ దాటేవరకు చెక్కుచెదరలేదు.

1958 డిసెంబరు 28, న్యూయార్క్ యాంకీ స్టేడియం, జయింట్స్‌తో ఛాంపియన్‌షిప్ పోరు. రెండు నిమిషాలే మిగిలాయి, కోల్ట్స్ 14-17తో వెనుకబడి, తమ గోల్ గీతకు 14 గజాల దూరంలోనే ఉన్నారు. యునైటస్ వరుసగా మూడుసార్లు రేమండ్ బెర్రీకే బంతి విసిరి 62 గజాలు సాధించాడు. ఏడు సెకన్లు ఉండగా స్టీవ్ మైరా ఫీల్డ్ గోల్ కొట్టి సమం చేశాడు. ఛాంపియన్‌షిప్ పోరు అదనపు సమయానికి వెళ్ళడం అదే మొదటిసారి. చివరికి అలన్ అమీచీ ఒక గజం దూరంనుండి దూసుకుపోయి 23-17తో గెలిపించాడు. యునైటస్ ఆనాడు 40 బంతులు విసిరి 26 చేర్చాడు, 349 గజాలు. టీవీలో ఆ ఆటను చూసినవారు కోట్లలో ఉన్నారు. ఆ ఆట తరువాతనే ఫుట్‌బాల్ అమెరికా ఇంటింటి ఆట అయిందని చరిత్రకారులు చెప్తారు. మా పెద్దాయనకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ సాయంత్రం తమ వీధిలో తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకొన్నాయని చెప్పాడు. అంతకు మించి చెప్పలేకపోయాడు.

మరుసటి యేడు మళ్ళీ జయింట్స్‌నే, ఈసారి సొంతగడ్డ మీద 31-16తో ఓడించారు. ఆటగాళ్ళు సామాన్యుల ఇళ్ళ మధ్యనే నివసించేవారు. జీతం చాలక తీరికకాలంలో వేరే ఉద్యోగాలు చేసేవారు. బారీ లెవిన్సన్ 1982లో తీసిన 'డైనర్' చిత్రంలో, పెండ్లికూతురు కోల్ట్స్ గురించిన పరీక్షలో నెగ్గితేనే పెండ్లి అంటాడు ఒక బాల్టిమోర్ యువకుడు. అది నవ్వు పుట్టించే సన్నివేశమే కాని, ఆ ఊరివారికి అతిశయోక్తిగా తోచదు.

ఇక్కడ ఉపాధ్యాయుడిగా ఒక మాట చెప్పక తప్పదు. అభిమానుల జ్ఞాపకం బంగారుపూత పూస్తుంది. ఆ స్వర్ణయుగంలోనే, అదే జట్టులో మహా ఆటగాడైన లెన్నీ మూర్ నల్లజాతివాడైనందున బాల్టిమోర్ సినిమాహాళ్ళలోనూ భోజనశాలలలోనూ కాలు పెట్టలేని రోజులున్నాయి. ఆదివారం మధ్యాహ్నం అతనికి చప్పట్లు కొట్టిన ఊరే ఆదివారం సాయంత్రం తలుపు మూసింది. ఈ మాట నేనంటే పెద్దాయన కొంతసేపు మౌనంగా ఉండి, "నిజమే, మేం పిల్లలం, మాకు తెలియదు, మా నాన్నకు తెలుసు" అన్నాడు.

1968లో యునైటస్ మోచేయి దెబ్బతిన్నది. ఆ యేటి పోటీలను చాలావరకు ఎర్ల్ మోరల్ నడిపాడు. 1969 జనవరిలో జరిగిన మూడో సూపర్‌బౌల్‌లో, గెలుపు ఖాయమనుకొన్న కోల్ట్స్ న్యూయార్క్ జెట్స్ చేతిలో 7-16తో ఓడారు. జెట్స్ శిక్షకుడు ఎవరనుకొన్నారు? ఒకనాడు యునైటస్‌ను నమ్మిన యూబ్యాంకే. ఆలస్యంగా దిగిన యునైటస్ చేయి సరిగా లేకున్నా కోల్ట్స్‌కు ఆనాటి ఒకే ఒక టచ్‌డౌన్ సంపాదించిపెట్టాడు. రెండేళ్ళ తరువాత 1971 జనవరిలో డాలస్ కౌబాయ్స్‌పై 16-13తో సూపర్‌బౌల్ దక్కింది. యునైటస్ జాన్ మాకీకి 75 గజాల టచ్‌డౌన్ అందించి, గాయపడి మధ్యలో తప్పుకొన్నాడు.

1972లో జట్టు యజమాని మారాడు. కొత్త యజమాని రాబర్ట్ ఇర్సే. ఆ యేడే యునైటస్‌ను ప్రక్కన కూర్చోబెట్టారు. డిసెంబరు 3న బాల్టిమోర్‌లో ఆయన చివరి ఆట. స్టేడియం మీదుగా ఒక చిన్న విమానం తోకకు పతాకం కట్టుకొని ఎగిరింది. "ఐకమత్యంతో నిలుస్తాం" అని అమెరికావారికో నానుడి. ఐకమత్యం ఉన్నచోట యునైటస్ పేరు పెట్టి వ్రాశారు. ప్రేక్షకులు పట్టుబట్టారు. ఆట చివర దిగి ఆయన విసిరిన బంతిని ఎడ్డీ హింటన్ అందుకొని 63 గజాల టచ్‌డౌన్ చేశాడు. మరుసటి యేడు సాన్ డియేగోలో కొన్ని ఆటలాడి, 1974లో విరమించాడు. మొత్తం 40,239 గజాలు, 290 టచ్‌డౌన్‌లు. ప్రత్యర్థులు పట్టుకొన్నవి 253.

నేటి లెక్కల ప్రక్కన పెడితే ఇవి చిన్నవే. టామ్ బ్రాడీ టచ్‌డౌన్‌లు 649. కాని సంఖ్యను దాని కాలంలో పెట్టి చదవాలి. యునైటస్ మొదటి యేళ్ళలో ఏడాదికి 12 ఆటలు. 2021 నుండి 17. బంతి అందుకోబోయేవాణ్ణి ప్రత్యర్థి దారిపొడవునా నెట్టకుండా 1978లో నియమాలు మార్చారు. అంతకుముందు క్వార్టర్‌బ్యాక్‌కు దక్కిన రక్షణా తక్కువే.

1984 మార్చి 28 రాత్రి అసలు దెబ్బ తగిలింది. జట్టును ప్రభుత్వం స్వాధీనం చేసికొంటుందన్న భయంతో ఇర్సే మేఫ్లవర్ కంపెనీ లారీలను రప్పించి, చీకటిలో, మంచుపడుతుండగా, సామానంతా ఇండియానాపొలిస్‌కు తరలించాడు. తెల్లవారేసరికి జట్టు లేదు. పేరు పోయింది, రంగులు పోయాయి, రికార్డులూ పోయాయి. ఈనాటికీ అధికారిక పుస్తకాలలో యునైటస్ ఆటంతా ఇండియానాపొలిస్ జట్టు చరిత్రలో భాగమే. ఆయన మాత్రం తాను బాల్టిమోర్ కోల్ట్స్ ఆటగాణ్ణి తప్ప మరెవరినీ కానని తెగేసి చెప్పాడు.

పన్నెండేళ్ళ తరువాత 1996లో బాల్టిమోర్‌కు మళ్ళీ జట్టు వచ్చింది. ఎక్కడినుండి? క్లీవ్‌లాండ్ నుండి. తమకు జరిగిన అన్యాయమే మరొక ఊరికి జరిగింది. ఒక్క తేడా: బ్రౌన్స్ అనే పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండాలని ఒప్పందం కుదిరింది, 1999లో అక్కడ జట్టు మళ్ళీ మొదలైంది. బాల్టిమోర్ జట్టు రేవెన్స్ అనే కొత్త పేరు పెట్టుకొన్నది. బాల్టిమోర్ అనుభవించిన దుఃఖం క్లీవ్‌లాండ్‌కు కొంతైనా తగ్గిందని ఊరడిల్లవచ్చునేమో.

యునైటస్ కుడిచేతి నరాలు దెబ్బతిని చివరి యేళ్ళలో వ్రేళ్ళు ముడుచుకొనేవి కావు. గోల్ఫ్ కర్రను చేతికి పట్టీతో కట్టుకొని ఆడేవాడు. వైకల్యపు పింఛను అడిగితే దక్కలేదు. పండితుణ్ణి గనుక ఏకలవ్యుడు జ్ఞాపకం వచ్చాడు. ఆ పోలిక చివరిదాకా నిలువదు. ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగి తీసికొన్నారు. ఈయన చేతిని ఎవరూ అడగలేదు, ఆట తనంతట తానే తీసికొన్నది. అందువల్లనే కాబోలు, జవాబు చెప్పవలసినవారెవరూ లేకపోయారు.

2002 సెప్టెంబరు 11న వ్యాయామం చేస్తూ గుండెపోటుతో మరణించాడు. ఆ వారం ఇండియానాపొలిస్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఆయన స్మృతిగా నల్లబూట్లు తొడుగుతానంటే లీగు ఒప్పుకోలేదు. రేవెన్స్ ఆటగాడు క్రిస్ రెడ్‌మన్ తొడిగి జరిమానా కట్టాడు. దూరమైన ఊరివాడూ, సొంత ఊరివాడూ ఒకే బూట్లు కోరుకొన్నారు.

తిరుగుదారిలో పెద్దాయన ఇంకొక సంగతి చెప్పాడు. లారీలు వచ్చిన రాత్రి, జట్టు బాజాబృందం వారి దుస్తులు చాకలి అంగడిలో ఉన్నాయట. అందుకే ఊరు దాటలేదు. ఆడడానికి జట్టు లేకపోయినా, ఆ దుస్తులు వేసికొని ఆ బృందం పన్నెండేళ్ళూ పండుగలలో, ఊరేగింపులలో, ఇతర నగరాల స్టేడియంలలో వాయిస్తూనే ఉన్నది. "మాకు ఆటే లేని రోజుల్లో మేం ఏడాదికొకసారి వాళ్ళను వినడానికి వెళ్ళేవాళ్ళం," అన్నాడాయన. "పిల్లలు అడిగేవారు, ఎవరు గెలిచారు నాన్నా అని."

ఏమని చెప్పేవారని అడిగాను. నవ్వి, కారు తాళం తీశాడు.