బోనసు: దసరా మామూలా, కార్మికుని హక్కా?

బోనసు మాట వచ్చినప్పుడల్లా, "యిస్తే పుచ్చుకోవాలిగాని దబాయించి అడిగేదేమిటి?" అనే విద్యావంతులు మనలో యిప్పటికీ వున్నారు. వారికి జవాబు చరిత్రలో దొరుకుతుందని నా అభిప్రాయం.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో బొంబాయి మిల్లులకు లాభాలు పెరిగాయి. కార్మికునికి ధరలు పెరిగాయి. 1917లో యజమానులు జీతంమీద నూటికి 10 చొప్పున యుద్ధబోనసు యిచ్చారు. జీతమే పెంచితే మళ్ళీ తగ్గించడం కష్టం. బోనసయితే తలచుకున్నప్పుడు ఆపవచ్చు. 1923వ సంవత్సరానికి ఆపనే ఆపారు. 1924 జనవరిలో లక్షకు పైగా కార్మికులు సమ్మె కట్టారు. ప్రభుత్వం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నార్మన్ మాక్లియోడ్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఏళ్ళతరబడి బోనసు ముట్టినా, చట్టరీత్యా గాని, ఆచారంవల్ల గాని, న్యాయదృష్టితో గాని దానిమీద కార్మికులకు హక్కు లేదని ఆ కమిటీ తేల్చింది. సమ్మె ఓడిపోయింది.

తగవు మాత్రం తీరలేదు. 1950లో అదే బొంబాయి మిల్లుల వివాదంలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్, లాభంలో కార్మికునికీ భాగం వున్నదని ఒప్పుకున్నది. అయితే పంక్తి ఎలా తీర్చిందో చూడండి. తరుగుదల, యంత్రాల పునరుద్ధరణ, ఆదాయపు పన్ను, మూలధనంమీద నూటికి 6 ప్రతిఫలం, యివన్నీ ముందు కూర్చుంటాయి. వాటి భోజనాలయ్యాక ఏమైనా మిగిలితేనే కార్మికునికి విస్తరి.

ఈ పద్ధతి 1965 బోనసు చెల్లింపు చట్టంతో కొంత మారింది. లాభం రాకపోయినా నూటికి 4 యివ్వాలన్నది ఆ చట్టం. 1972లో అది 8.33 అయింది, అంటే ఏడాది జీతంలో పన్నెండోవంతు. నష్టంలో కూడా చెల్లించవలసిన సొమ్మును దానమని ఎలా అనగలం? అది ఏడాది పొడుగునా నిలిపివుంచిన జీతమే. యజమాని నష్టపడితే ఎలాగని అడిగేవారున్నారు. నష్టం వచ్చిన ఏడు కూడా కార్మికుడు చేసిన పని చేసినట్టే గదా!

వచ్చిన హక్కు వుండిపోతుందన్న భరోసా లేదు. 1975లో, ఎమర్జెన్సీ సమ్మెల నోరు నొక్కిన రోజులలో, ఆర్డినెన్సుతో ఆ కనీస బోనసును కోశారు. 1977లో ప్రజలు ఆ ప్రభుత్వాన్ని ఓడించాకనే అది తిరిగి వచ్చింది.

మరొక మాట. కర్మాగారాలను విడిస్తే, యిరవైమందికి తక్కువ పనిచేసేచోట్లను 1965 చట్టం సాధారణంగా బయటనే వుంచింది. మన బజారు కొట్లో గుమాస్తాకు దసరాకు అందే మామూలు యజమాని దయగానే మిగిలిపోయింది. మిల్లు కార్మికుడు అతనికన్నా గొప్పవాడేమీ కాదు. అతనికి సంఘముంది, గుమాస్తాకు లేదు. హక్కులగురించి పాఠం చెప్పే మనం ముందుగా వెళ్ళవలసింది ఆ గుమాస్తా దగ్గరకే.