ఉమ్మడి సొత్తు, వేసవి దరఖాస్తు

మందస పేరు వినగానే వాసుదేవ పెరుమాళ్ళ కోవెలయు, పాలకోవాయు పలువురకు జ్ఞప్తికి వచ్చును. చరిత్ర చదివినవారికి మరియొక సంగతియు స్ఫురించును. మందస జమీందారీలో అడవి ఎవరిది అను ప్రశ్న ఒకప్పుడు పుట్టినది. నాగలికిని, ఇంటికిని వలసిన కలప తెచ్చుకొను హక్కు తమకు కలదని రైతులు పట్టుపట్టిరి. 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురములో పోలీసు కాల్పులు జరిగినవి. సాసుమాన గున్నమ్మ అందు ప్రాణములు విడిచినది. పనిముట్టు చేసికొనుటకు వలసిన వస్తువు పదిమందికి అందవలెనా, ఒకరి అదుపులోనే యుండవలెనా అన్నదే నాటి తగవు.

కంప్యూటరు ప్రపంచములో ఇట్టి ప్రశ్నయే వేరొక రూపమున తలయెత్తినది. అచట నెత్తురు చిందలేదు. దానిని దీనితో సరితూచుట మా ఉద్దేశము కాదు. కాని ప్రశ్నలో పోలిక కలదు. కంప్యూటరు నడచుటకు మనుష్యుడు వ్రాసిన రాతను సోర్స్ కోడు అందురు. ఆ రాతను దాచి, దాని ఫలమును మాత్రము అమ్ముకొను పద్ధతి బలపడుచున్న కాలమున, 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునాతడు ‘గ్నూ’ అను ఉద్యమమును ప్రకటించెను. రాతను చదువుటకు, దిద్దుటకు, ఇతరులకు పంచుటకు అందరికిని స్వేచ్ఛ యుండవలెనని అతని వాదము. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇరువదియొక్క యేండ్ల లైనస్ టోర్వాల్డ్స్ ‘లైనక్స్’ను లోకము ముందుంచెను. 1998లో ఈ మార్గమునకు ‘ఓపెన్ సోర్స్’ అను పేరు వాడుకలోనికి వచ్చినది.

ఈ ఉమ్మడి సొత్తును పెంచువారిలో విద్యార్థులు తొలినుండియు కలరు. అయినను వేసవి సెలవులలో కూలికో, చిన్న కొలువుకో పోవలసిన బీద విద్యార్థికి ఉచితముగా పనిచేయు తీరిక ఎక్కడిది? ఈ చిక్కునకు ఒక పరిష్కారముగా 2005లో గూగుల్ సంస్థ ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ అను పథకమును ప్రారంభించెను. తొలుత 200 మందిని తీసికొనవలెనని సంకల్పించిరి. ప్రతిపాదనలు 8,740కి మించి వచ్చెను. అంతట సంఖ్యను 419కి పెంచిరి. గూగుల్ భృతి నిచ్చును. కాని అభ్యర్థిని ఎన్నుకొనునది, పని నేర్పునది ఆయా ఓపెన్ సోర్స్ సంస్థలే. చేసిన పని అందరి సొత్తుగా నిలుచును. 2022 నుండి కళాశాలలో చదువుచుండవలెనను నియమము తొలగినది. పదునెనిమిది యేండ్లు నిండి, ఈ మార్గమునకు క్రొత్తవారైన ఇతరులకును నాటినుండి ప్రవేశము కలిగినది.

దీనివలన ఫలమేమి అని శ్రోతలు అడుగవచ్చును. సముద్రమునకు ఆవల నున్న సింహళమును చూడుడు. 2004 డిసెంబరు 26నాటి సునామీ పిదప, తప్పిపోయినవారిని వెదకుటకు, సహాయమును సరిగా పంచుటకు అక్కడి యువకులు ‘సహన’ అను ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును నిర్మించిరి. సమ్మర్ ఆఫ్ కోడ్ మొదటి పదేండ్లలో అత్యధిక సంఖ్యలో విద్యార్థులను పంపిన విశ్వవిద్యాలయము ఆ చిన్న దేశపు మొరటువయే. ఒక్కడు పోయిన త్రోవను పదిమందికి చూపినగాని ఇట్టిది సాధ్యము కాదని మా అభిప్రాయము.

మన తీరమునకును ఇట్టి అక్కర కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయినవి. అట్టి వేళ ఏ పల్లెకు ఏ దారిన పోవలెనో చెప్పు పటమొకటి కావలెను. 2004లో ఇంగ్లండులో పుట్టిన ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ ఎవరైనను దిద్దదగిన పటము. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పలుమార్లు పాల్గొన్నది. వికీపీడియాను నడుపు వికీమీడియా సంస్థయు అట్టిదే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. ఉద్దానపు పల్లెల పేర్లను తెలుగులో తప్పులేకుండ వ్రాయగలవాడు ఉద్దానపు బిడ్డయే గదా!

ఇక దరఖాస్తు మాట. దీనికి రుసుము లేదు, దళారితో పనిలేదు. అభ్యర్థి తాను వాడి యెరిగిన ప్రోగ్రామును ఎన్నుకొని, దానిని నడుపువారితో పరిచయము చేసికొని, ముందుగా ఒక చిన్న తప్పును దిద్ది చూపవలెను. పిదప వ్రాయు ప్రతిపాదనలో ఏమి చేయదలచెను, అది ఎవరికి ఉపయోగము, ఏ వారమున ఎంత పని జరుగును, సరిగా పనిచేయుచున్నదని ఎట్లు పరీక్షించును అను నాలుగు సంగతులు స్పష్టముగా నుండవలెను. మూడింటికి మించి ప్రతిపాదనలు పంపరాదు. ఇతరుల రాతను తనదిగా చూపువానిని పని తెలిసిన పెద్దలు ఇట్టే పసిగట్టుదురు.

మన ప్రాంతమున చిక్కు వేరొకటి కలదు. గడువు సాధారణముగా మార్చి చివరనో, ఏప్రిల్ తొలిదినములలోనో ముగియును. అవి ఉద్దానములో జీడిపిక్కలు ఏరు దినములు. ఇంటిల్లిపాదియు తోటలో నుందురు. ఆనాడు మొదలుపెట్టినవాడు గడువును అందుకొనలేడు. కావున దసరా సెలవులలోనే పరిచయము, సంక్రాంతి నాటికి తొలి దిద్దుబాటు పూర్తిచేయుట మేలు. ఆంగ్లము తడబడునను జంకు వలదు. చిన్న చిన్న వాక్యములలో సూటిగా చెప్పిన చాలును. 2016లో ఏర్పడిన శ్రీకాకుళము ట్రిపుల్ ఐటీ వంటి విద్యాలయములలో పెద్ద తరగతివారు చిన్నవారిని కూర్చుండబెట్టి దారి చూపిన, పని మరింత సులువగును.

తొలి యేట ఇరువదింట ఒక్క ప్రతిపాదనయే నెగ్గినది. నెగ్గనివారి శ్రమ వ్యర్థమా? కాదు. వారు దిద్దిన తప్పు దిద్దినట్లే యుండును. వారి పేరు ఆ రాత చరిత్రలో నిలుచును. మరుసటి యేట మరల పంపుకొనవచ్చును. భృతి కొందరికే దక్కును, పని మాత్రము ఎవరు చేసినను అందరిదగును. ఈ యొక్క సంగతి గ్రహించి మందస పిల్లలు ముందడుగు వేయుదురు గాక.