సంత మాటల వెనుక చరిత్ర

చరిత్ర అనగానే మన పిల్లలకు రాజులు, యుద్ధాలు గుర్తొస్తాయి. మన తాతముత్తాతల చరిత్ర చాలావరకు సంతలో జరిగింది. అక్కడ పుట్టిన మాటలు ఇంకా మన నోళ్ళలో ఉన్నాయి.

విశాఖ ఏజెన్సీలో పాడేరు, అరకు, హుకుంపేట, ముంచింగిపుట్టు సంతలకు మనవాళ్ళు కావిళ్ళతో దిగేవారు. చింతపండు, పిప్పళ్ళు, కరక్కాయలు, కొండచీపుర్లు, అడ్డాకులు ఇచ్చి ఉప్పు, బట్ట, ఎండుచేపలు తెచ్చుకునేవారు. అడవి అన్నీ ఇచ్చింది కాని ఉప్పు ఇవ్వలేదు. అందుకే బేరంలో ఉప్పు ఉన్నవాడిదే పైచేయి అయింది.

డబ్బు తక్కువగా తిరిగిన ఆ రోజుల్లో అసలు విషయం కొలతలో ఉండేది. సోల, తవ్వ, మానిక, కుంచం గింజలకు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. తూకానికి వీశ, మణుగు. వీశ అంటే 120 తులాలు, నేటి లెక్కలో సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. పేరు ఒకటే అయినా కొలిచే చేయి ఒకటి కాదు. మన దగ్గర తీసుకునేటప్పుడు కుంచం మీద కుప్ప నిలవాలి. మనకు ఇచ్చేటప్పుడు పైన చేత్తో తుడిచి ఇస్తారు. రెండూ కుంచమే! 'కొసరు' అన్న మాట కూడా ఎప్పుడూ కొనేవాడి నోట వినిపించేదే. ఆకుల మోపు అమ్మిన మన అవ్వకు షావుకారు కొసరు ఇచ్చాడని నేనెక్కడా వినలేదు.

ఆ షావుకారు అన్న పేరు చూడండి. సంస్కృతంలో 'సాధు' అంటే మంచివాడు. అది 'సాహు' అయి, హిందీలో 'సాహుకార్' అయి మన దాకా వచ్చింది. బాకీ, వసూలు, దళారీ అరబ్బీ నుంచి దిగినవి. అమ్ము, కొను, వెల, అప్పు మాత్రం మన ద్రావిడ భాషల మాటలే. అంటే ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. ఖాతా రాయడమే కొత్త, అది చదవడం రాకపోవడమే మన కొంప ముంచింది.

అన్నిటికన్నా బరువైన మాట 'నాగు'. గింజల అప్పుకు గింజల్లోనే కట్టే వడ్డీ అది. సగం నాగు మీద పది కుంచాల విత్తనాలు తెచ్చుకుంటే, అయిదు నెలలకు పంట రాగానే పదిహేను కుంచాలు కొలవాలి. మాస్టార్లు ఈ లెక్కను బోర్డు మీద వేయించండి. ఏడాదికి నూటికి 120 వడ్డీ! గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు 1917లోనే చట్టం వచ్చింది. కొండజాతి మనిషి అప్పుపై ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ చెల్లదని, వడ్డీ మొత్తం అసలును దాటకూడదని అందులో ఉంది. ఆ లెక్కన అయిదు నెలలకు పది కుంచాల మీద కట్టవలసింది ఒక్క కుంచం. మనవాళ్ళు కొలిచింది అయిదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివారి భూమి బయటివారికి మారదని కూడా ఆ చట్టమే చెప్పింది. బాకీ కింద భూములు పోవడం మాత్రం ఆగలేదు.

భూమి లేనివాడు తననే కుదువ పెట్టుకున్నాడు. అదే 'గొత్తి'. అప్పు తీరేదాకా చాకిరి, తండ్రి పోతే కొడుకు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో అప్పు వెట్టిపై నిబంధన తెచ్చింది. దేశమంతటికీ వెట్టిని రద్దు చేసిన 1976 చట్టంలో పాలేరు, భగేలా, వెట్టి వంటి పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. జనం నోటి మాటలు చట్టంలోకి ఎక్కిన అరుదైన సందర్భం అది.

1956లో గిరిజన సహకార సంస్థ వచ్చాక 'డిపో' అన్న మాట సంతలో చేరింది. 1958 నుంచి కిలో విడతలవారీగా వచ్చింది. కుంచం అటకెక్కింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా మీద అంకె పిల్లలే చదివి అవ్వకు చెబుతున్నారు. అంతవరకు బాగుంది.

కాని కొత్తగా 'అడ్వాన్సు' వచ్చింది. కాఫీ పండకముందే డబ్బు చేతిలో పెడతారు. వడ్డీ అన్న మాట ఎవరూ ఎత్తరు. పంట తీసుకునేటప్పుడు కిలోకు ఇంత అని ధర తగ్గిస్తారు. ఆ తగ్గింపు ఎన్ని నెలలకు నూటికి ఎంత వడ్డీ అవుతుందో మన ఏడో తరగతి పిల్లలు కట్టి చూపగలరు.