పోరుమామిళ్ల రాయి చెప్పిన ఆరు దోషాలు

నీటిని గురించి మీకు చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పినట్లే ఉంటుంది. తడి పెట్టేవారు మీరు, వానకోసం మొగులు చూసేవారు మీరు. అందుచేత నా సొంత మాటలతో మొదలుపెట్టను. సుమారు 650 ఏళ్ల క్రిందట కడప సీమలో రాతిమీద చెక్కించిన మాటలతో మొదలుపెడతాను.

పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు ఉన్నది. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, ఉదయగిరి నుంచి పాలన చేస్తున్న కాలంలో దాన్ని కట్టించాడు. ఆయనకే భవదూరుడని మరో పేరు. చెరువుకు అనంతరాజ సాగరమని పేరు పెట్టి, క్రీస్తుశకం 1369లో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనం చెబుతున్నది.

రాజుల శాసనాల్లో దానాలూ బిరుదులూ ఉండడం మామూలే. ఈ శాసనంలో వాటితోబాటు మనకు పనికివచ్చే మరో సంగతి ఉన్నది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, చెరువును చెడగొట్టే దోషాలు ఆరు అని లెక్కపెట్టి చెప్పారు. గట్టి బంకమట్టి నేల, తీపి నీరు తెచ్చే ఏరు, కట్టకు రెండుపక్కలా కొండ, లోతూ విశాలమూ గల గర్భం, దగ్గరలో మంచి రాతిగని, సారమైన సమతల భూములు, పని తెలిసిన మనుషులు, ఇవన్నీ అంగాల్లోవే. పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం, తెలిసిన పండితుడు కూడా ఒక అంగమే.

ఇక దోషాలు. ఒకటి, కట్టలోంచి నీరు ఊరడం. రెండు, ఉప్పు నేల. మూడు, రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు ఉండడం. నాలుగు, చెరువు నడుమ మెరక ఉండడం. అయిదు, నీరు కొంచెం, తడపవలసిన నేల విస్తారం. ఆరు, నేల కొంచెం, నీరు అధికం.

ఈ ఆరూ అనుభవంమీద తెలుసుకొన్నవి. ఇవి ఎందుకు దోషాలో శాసనం చెప్పలేదు. ఆ కారణాలు ఒక్కొక్కటే తేలడానికి మరో అయిదారువందల ఏళ్లు పట్టింది. ఆ కథ తెలిస్తే చెరువుకు చెప్పిన దోషాలు మన చేలో ఎక్కడ దాగి ఉన్నాయో పట్టుకోవచ్చు.

మొదటిది ఊట. 1586లో సైమన్ స్టెవిన్ అనే గణితజ్ఞుడు నెదర్లాండ్సులో ఒక గ్రంథం అచ్చువేయించాడు. అడుగున నీటి ఒత్తిడి లోతునుబట్టి ఉంటుంది గాని, నీరు ఎంత మేర పరుచుకొన్నదన్న దాన్నిబట్టి ఉండదని అందులో చూపించాడు. పది అడుగుల లోతు బావిలోనూ, పది అడుగుల లోతు చెరువులోనూ అడుగున అంగుళం చోటుమీద పడే ఒత్తిడి ఒకటే. కట్టను అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నంగా పోయడం అందుకే. ఆ ఒత్తిడికి పీత బొరియ, ఎలుక కన్నం, ఎండిన చెట్టు వేరు దారి ఇస్తాయి. కట్టవెనుక ఊట కనిపిస్తే నీటి రంగు చూడండి. తేటనీరు వస్తే కనిపెట్టి ఉండాలి. మడ్డినీరు వస్తే లోపలి మట్టి కోసుకొని వస్తున్నదన్నమాట. అప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు, వెంటనే ఊరికీ నీటిపారుదల సిబ్బందికీ కబురు చేయాలి.

రెండో దోషం ఉప్పు. దీనికి కారణం తెలియడానికి మొక్కకూ నీటికీ ఉన్న సంబంధం తెలియవలసివచ్చింది. బ్రసెల్స్ నగరపు వైద్యుడు వాన్ హెల్మాంట్ ఒక కుండీలో 200 పౌనుల ఎండుమట్టి పోసి, 5 పౌనుల బరువున్న విల్లో మొక్క నాటాడు. అయిదేళ్లపాటు నీళ్లు తప్ప మరేమీ పోయలేదు. చివరకు చెట్టు 169 పౌనుల 3 ఔన్సులు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచితే తగ్గింది రమారమి 2 ఔన్సులే! చెట్టంతా నీటినుంచే పుట్టిందని ఆయన తీర్మానించుకొన్నాడు. ఆయన పోయిన తర్వాత 1648లో ఇది అచ్చయింది.

ఆ మాట సగమే నిజం. 1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ తన పుదీనా ప్రయోగాలను ప్రకటించాడు. వాననీటిలో పెట్టిన మొక్క తక్కువ పెరిగింది. థేమ్సు నది నీటిలో పెట్టినది కొంత ఎక్కువ పెరిగింది. తోటమట్టి కలిపిన నీటిలో పెట్టినది ఇంకా బాగా పెరిగింది. నీటివెంట మట్టిలోని సారం మొక్కకు అందుతున్నదని దీనితో తేలింది. హెల్మాంటు కొట్టిపారేసిన ఆ 2 ఔన్సుల్లోనే మర్మం ఉన్నది. మిగిలిన బరువులో చాలా భాగం ఆకు గాలినుంచి తీసుకొన్న బొగ్గుపులుసు వాయువుది.

1780 పడిలో కావెండిష్, లవోయిజే చేసిన ప్రయోగాలవల్ల నీరు ఉదజని, ఆమ్లజనుల కలయిక అని తేలింది. ఆకు ఎండలో నీటిని విడగొట్టి ఉదజనిని వంటకు వాడుకొని, ఆమ్లజనిని గాలిలోకి వదులుతుంది. ఆ ఆమ్లజని నీటిలోనిదేనని 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం చూపింది. మనమూ మన పశువులూ పీల్చే ప్రాణవాయువు నీటినుంచి వచ్చినదే.

అనేక పదార్థాలను తనలో కరిగించుకోవడం నీటి గొప్ప గుణం. యూరియా అయినా, పొటాషు అయినా నీటిలో కరిగితేనే వేరుకు అందుతుంది. అదే గుణం ఉప్పునూ మోసుకువస్తుంది. ఈ లెక్క చూడండి. ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి అంటే రమారమి 2 లక్షల లీటర్లు. మీ బోరునీటిలో లీటరుకు ఒక గ్రాము ఉప్పు ఉన్నదనుకోండి. ఒక్క తడితో 200 కిలోలు, అంటే నాలుగు బస్తాల ఉప్పు చేలోకి వచ్చింది! నీరు ఆవిరయిపోతుంది, ఉప్పు నిలిచిపోతుంది. పైగా దీపంవత్తి నూనెను పైకి లాగినట్లు మట్టిలోని సన్నని సందులు అడుగునీటిని పైకి లాగుతాయి. అడుగునీరు పైకి ఒకటి రెండు మీటర్లలోకి వచ్చిందంటే, ఆ నీటితోబాటు ఉప్పు కూడా పైకెక్కి తెల్లగా పొంగుతుంది. అందుకని నీరూ మట్టీ రెంటినీ పరీక్ష చేయించాలి. మురుగుకాలువ తీసి, మంచినీరు నిలగట్టి ఉప్పును కిందికి దించాలి. జిప్సం అన్ని చౌళ్లకూ మందు కాదు. పరీక్షలో కారుచౌడని తేలితేనే, చెప్పిన మోతాదులో వేయండి.

నాలుగో దోషం చెరువు నడుమ మెరక. మెరక ఉంటే చెరువులో పట్టే నీరు తగ్గుతుంది, పట్టిన నీరు పలచగా పరుచుకొంటుంది. పరుచుకొన్న నీటిని ఎండా గాలీ తొందరగా తాగేస్తాయి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరయినా ఎకరా నీటిమట్టం మీద 20 వేల లీటర్లు పోయినట్లే. ఇప్పుడు మన చెరువుల్లో మెరకలు చాలావరకు పూడికవల్ల వచ్చినవి. ఆ పూడికమట్టిని పరీక్ష చేయించి ఎర్రనేలలకు తోలితే చెరువు లోతవుతుంది, చేను తేమ నిలుపుకొంటుంది.

ఆవిరిని గురించి మరొక్క మాట. ఒక కిలో నీటిని 0 నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి పట్టే వేడికి అయిదు రెట్లు పైగా వేడి, దాన్ని పూర్తిగా ఆవిరి చేయడానికి పడుతుంది. ఆవిరయ్యే నీరు అంత వేడినీ వెంటబెట్టుకుపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేదీ, చెమట ఆరితే మన ఒళ్లు చల్లబడేదీ ఇందువల్లే. ఎండలో ఆకు మాడకుండా కాపాడేదీ ఇదే. కాకపోతే అందుకు మొక్క పెట్టే ఖర్చు చాలా పెద్దది. 1724 వేసవిలో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి గురువు కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను, కుండీకి సీసపు మూత బిగించి, 15 రోజులపాటు ఉదయం సాయంత్రం తూచాడు. మూడున్నర అడుగుల ఆ మొక్క పగలు సగటున 1 పౌను 4 ఔన్సులు, అంటే అర లీటరుకు పైగా నీరు ఆకులగుండా వదిలింది. దేహాల పరిమాణంతో సరిపోల్చి చూస్తే అది మనిషి తాగేదానికి 17 రెట్లని ఆయన లెక్కకట్టి 1727లో ప్రకటించాడు.

ఈ నీరు అంత పైకి ఎలా ఎక్కుతుంది? గాలిని లాగే పంపు ఎంత గొప్పదయినా నీటిని సుమారు 10 మీటర్లకు మించి పీల్చలేదు. లోతు బావుల్లో మోటారును కిందికి దించి పెట్టేది అందుకే. మరి తాడిచెట్టు అంతకన్న ఎత్తుకు నీరు లాక్కొంటున్నది గదా! దీనికి 1894లో డబ్లిన్ నగరంలో డిక్సన్, జోలీ సమాధానం చెప్పారు. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆకునుంచి కొంత ఆవిరయితే, దాని వెనుకనున్న నీరు చేంతాడులా వేరుదాకా లాగబడుతుంది. ఆ తాడు లాగేది ఎండ. వేరువద్ద తేమ తరిగిపోతే తాడు బిగుసుకొంటుంది. ఆకు రంధ్రాలు మూసుకొంటాయి, పైరు వాడుతుంది. రంధ్రాలు మూసుకొన్నప్పుడు బొగ్గుపులుసు వాయువు కూడా లోపలికి రాదు గనుక ఎదుగుదల నిలిచిపోతుంది. పూతదశలో ఇలా జరిగితే తర్వాత ఎన్ని తడులిచ్చినా పోయిన గింజ తిరిగి రాదు.

అయిదో దోషం ఇక్కడే తగులుతుంది. నీరు కొంచెం, నేల విస్తారం. 1910 పడిలో అమెరికాలోని కొలరాడోలో బ్రిగ్స్, షాంట్జ్ అనే శాస్త్రజ్ఞులు, ఒక కిలో ఎండుమేర పెరగడానికి పైరు ఎంత నీరు వాడుతుందో కొలిచారు. జొన్నకు సుమారు 320 కిలోలు, మొక్కజొన్నకు సుమారు 370, గోధుమకు 500కు పైగా, లూసర్న్ మేతకు 800కు పైగా నీరు పట్టింది. వాతావరణాన్నిబట్టి అంకెలు మారతాయి. కాని పైరు పైరుకూ ఇంత తేడా ఉన్నదన్న మాట మాత్రం నిలిచింది. కలుపు కూడా ఇలాగే తాగుతుంది. సమయానికి కలుపు తీసిన రైతు ఎంతోకొంత నీటిని మిగిల్చినట్లే. పక్కపక్కన పది బోర్లు వేసినంతమాత్రాన భూగర్భంలో నీరు పదింతలు కాదు. ఉన్న నీరెంతో ముందు తేల్చుకొని, తర్వాత పైరునూ విస్తీర్ణాన్నీ నిర్ణయించుకోవడం మంచిది.

ఆరో దోషం దానికి ఎదురుది. నేల కొంచెం, నీరు అధికం. ఎక్కువయితే నష్టమేమిటని కొందరు అడుగుతారు. వేరు కూడా ఊపిరి తీసుకొంటుంది. మట్టిసందుల్లో గాలి ఉండవలసిన చోట నీరు నిండితే వేరుకు ఊపిరాడదు, ఎందుకంటే ఆమ్లజని గాలిలో పాకే వేగంకన్న నీటిలో పాకే వేగం సుమారు పదివేల రెట్లు తక్కువ. వరికి ఆకునుంచి వేరుదాకా లోపల గాలిగొట్టాలు ఉన్నాయి గనుక నిలవనీటిలో బతుకుతుంది. మిరప, పసుపు, మొక్కజొన్నకు అంత వసతి లేదు. వాటికి నిలవనీరు రెండురోజులున్నా ఆకు పసుపెక్కుతుంది. కాలువ తవ్వినప్పుడే మురుగుకు దారి కూడా తవ్వాలి.

మూడో దోషాన్ని చివరకు అట్టిపెట్టాను. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు కూడదని రాయి చెబుతున్నది. నీటికి పల్లమే తెలుసు, పొలిమేర తెలియదు. తగవు మనుషులది. రాజ్యాల మాట అలా ఉంచి, పైకాలువ రైతుకూ కిందికాలువ రైతుకూ మధ్య చూడండి. పైవాడు ఆరో దోషంతో చెడతాడు, కిందివాడు అయిదో దోషంతో చెడతాడు. ఒకే కాలువమీద ఒకరి చేను మురుగుతూ, మరొకరి చేను ఎండుతూ ఉంటుంది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది ఇలాంటి బాధలు తీర్చడానికే. వంతు ఒప్పుకొని, ఆ వంతుకు కట్టుబడితే ఇద్దరి పైరూ దక్కుతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. గ్రామసభల్లో ఈ ఆరింటినీ ఆరు ప్రశ్నలుగా అడగండి. కట్టకో, గట్టుకో ఊట ఉన్నదా? నీరూ మట్టీ పరీక్ష చేయించారా? పక్క రైతుతో వంతు కుదిరిందా? చెరువులోగాని, చేలోగాని మెరక ఉండి నీరు పలచబడుతున్నదా? ఉన్న నీటికి సరిపడే విస్తీర్ణమే వేశారా? మిగులు నీరు పోవడానికి దారి ఉన్నదా? వీటికి జవాబు చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. చేను చుట్టి రావడమే కావలసింది.

తొలకరికి ముందే ఒక ఉదయం, ఊళ్లో పెద్దలూ కుర్రవాళ్లూ కలిసి మీ చెరువుకట్ట మీద ఈ కొననుంచి ఆ కొనదాకా నడిచి రండి. బొరియలుంటే పూడ్చండి, తూము తలుపు లేచి దిగుతున్నదో లేదో చూడండి, అలుగు ముందు పెరిగిన ముళ్లకంప కొట్టించండి.