మిరపకాయ ఎవరి కోసం కారంగా ఉంది?

"దేవుడు మొక్కల్ని మనిషి కోసమే సృష్టించాడు" అని వాదించేవాళ్ళని నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. మరి మిరపకాయని నోరు మండేలా ఎందుకు సృష్టించాడు? దీనికి భక్తుల దగ్గర సమాధానం లేదు. జీవపరిణామ సిద్ధాంతం దగ్గర ఉంది.

అడవి మిరపకాయ చిన్నగా, పైకి నిలబడి కాస్తుంది. పండితే ఎర్రబడి సులువుగా ఊడి వస్తుంది. పక్షి కంట పడడానికీ, ముక్కుతో తెంపుకోవడానికీ అది అనుకూలం. కారానికి కారణమైన కాప్సైసిన్ గింజలో తయారవ్వదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో తయారవుతుంది. అది తగిలితే మన నోటిలో వేడిని గుర్తించే గ్రాహకం కాలినట్టు మెదడుకి కబురు పంపుతుంది. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుక్కుంది. ఆయనకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలుకకీ ఆ మంట తెలుస్తుంది. పక్షికి తెలియదు. అందుకే చిలక మిరపపండుని హాయిగా తింటుంది.

టూక్స్‌బరీ, నభన్ అనే శాస్త్రవేత్తలు 2001లో దీన్ని పరీక్షించి చూపించారు. కారం లేని మిరపకాయలు పెడితే ఎలుకలు తిన్నాయి కానీ వాటి కడుపులోంచి వచ్చిన గింజ ఒక్కటీ మొలవలేదు. పక్షి రెట్టలో పడిన గింజలు మొలిచాయి. 2008లో బొలీవియాలో ఇంకో సంగతి తేలింది. పురుగులు కాయకి రంధ్రం చేస్తే బూజు లోపలికి పోయి గింజల్ని పాడు చేస్తుంది. పురుగుల బెడద ఎక్కువున్న చోట కారం మొక్కలు ఎక్కువగా ఉన్నాయి. ఎందుకంటే కాప్సైసిన్ బూజుని అడ్డుకుంటుంది.

నేను లెక్కల మనిషిని కనుక జమాఖర్చు భాషలో చెపుతాను. పక్షి తిన్న గింజ మొక్కకి జమ, ఎలుక నమిలిన గింజ ఖర్చు. తరతరాలుగా నడిచిన ఈ లెక్కే కారాన్ని నిలబెట్టింది. దీనికి సృష్టికర్త అవసరం లేదు.

తరువాత మనిషి వచ్చాడు. మంటని రుచిగా అలవాటు చేసుకున్నాడు. పెద్ద కాయలు, కిందకి వేలాడే కాయలు, రాలిపోని కాయలు ఏరి విత్తనాలు దాచాడు. కారం పుట్టించే జన్యువు చెడిన మొక్కల్ని కూడా పెంచాడు. మనం కూర వండుకునే కాప్సికం అలా వచ్చినదే.

మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. అంతకు ముందు మన వంటల్లో కారానికి మిరియాలు వాడేవాళ్ళు. మిరపకాయ అనే పేరు కూడా మిరియం నుంచే వచ్చింది.

మా బిర్సానగర్‌లో దుకాణాలకీ, ఆటోలకీ నిమ్మకాయతో పచ్చిమిరపకాయలు కడతారు. మన తెలుగువాళ్ళు ఎండుమిరపకాయలు దిగతుడిచి నిప్పులో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టట! దీన్ని వేల ఏళ్ళ సంప్రదాయం అంటారు. మిరపకాయ ఈ దేశానికి వచ్చి వేల ఏళ్ళు ఎక్కడయింది? ఎలుకని తరిమే మందు దిష్టిని తరమదు. మలేరియా ఉన్న ఈ జార్ఖండ్‌లో పిల్లవాడికి జ్వరం వస్తే మిరపకాయలు కాల్చి కూర్చోవడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. ముందు రక్త పరీక్ష చేయించండి. మిరపకాయల్ని పచ్చడికి ఉంచుకోండి.