చెడుగాలి పేరు, దోమ పని

ఇటాలియన్ భాషలో ‘మాల’ అంటే చెడ్డ, ‘ఆరియా’ అంటే గాలి. రోముకు దక్షిణాన ఉన్న పాంటైన్ చిత్తడి నేలల నుంచి వేసవి రాత్రుల్లో లేచే గాలే జ్వరాన్ని మోసుకొస్తుందని అక్కడివాళ్లు తరతరాలుగా నమ్మారు. ఆ నమ్మకమే ‘మలేరియా’ అనే పేరైంది.

1740లో రోములో ఉన్న ఆంగ్ల రచయిత హొరేస్ వాల్పోల్, ఏటా వేసవిలో ఆ నగరాన్ని పట్టి ప్రాణాలు తీసే పీడ అంటూ దీని గురించి ఉత్తరంలో రాశాడు. ఇంగ్లిషులో ఈ మాట కనిపించే తొలి చోట్లలో అదొకటి. 1827లో జాన్ మెకల్లక్ దీనిమీద పుస్తకమే వేశాడు. అప్పటికి మలేరియా అంటే జ్వరం కాదు, జ్వరం తెచ్చే గాలి. జ్వరాన్ని ఇంగ్లిషువాళ్లు ‘ఏగ్యూ’ అనేవారు.

మన ‘చలిజ్వరం’ రోగి వణుకును చెబుతుంది, ‘మన్యం జ్వరం’ అది పట్టుకునే చోటు చెబుతుంది. మలేరియా అనే మాట ఏకంగా కారణమే చెప్పబోయి పొరబడింది. అయినా ఆ రోము జనాన్ని తప్పుపట్టలేం. చిత్తడి నేల, రాత్రివేళ, జ్వరం: ఈ మూడింటికీ ఉన్న ముడిని వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. దోమ ఒక్కటే వాళ్ల కంటికి ఆనలేదు.

1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది ఒంట్లోకి ఎలా చేరుతుందో తేల్చే దారి మాత్రం సికింద్రాబాద్‌లో దొరికింది. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ అక్కడ హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, వాటిని ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. ఉడికిపోయే ఎండలోనూ పంకా వేసుకోలేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయని. ఆగస్టు 20న ఒక దోమ పొట్టగోడలో, మలేరియాకే ప్రత్యేకమైన నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. ఆ పని జరిగిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడు రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుతో వ్యాపిస్తుందని చూపాడు. మనుషులకు సోకించేది అనాఫిలిస్ దోమేనని ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

గాలి నిర్దోషి అని తేలినా పేరు మారలేదు. అసలు దోషికి మాత్రం జర్మన్ కీటక శాస్త్రవేత్త మైగెన్ 1818లోనే గ్రీకు మాటతో పేరు పెట్టి ఉంచాడు. అనాఫిలిస్ అంటే ‘ఎందుకూ పనికిరానిది’.