అంగడి మూసిన మర్నాడు

సారాయి చరిత్ర అంటే వేలంపాటలు, ఉద్యమాలు, నిషేధాలు రాస్తారు. అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చి పడ్డవాళ్ల సంగతి ఆ చరిత్రలో తక్కువ.

1981 జూలైలో బెంగళూరులో కల్తీసారాయి తాగి మూడు వందల మందికి పైగా చనిపోయారు. అందులో కలిసింది మిథైల్ ఆల్కహాల్. తాగినప్పుడు మామూలు మత్తే. సగం రోజో, ఒక రోజో గడిచాక అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. కళ్లు మసకబారతాయి, ఊపిరి ఎగదన్నుతుంది. దీనికి వైద్యులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న విరుగుడు ఏమిటనుకున్నారు? మామూలు సారాయిలో ఉండే ఇథైల్ ఆల్కహాలే! కాలేయం ముందు దాని పని పడుతుంది కనుక విషం మారకుండా ఆగుతుంది. డయాలిసిస్‌కు వ్యవధి దొరుకుతుంది.

కర్ణాటకలో 2007 జూలై 1 నుంచి సారాయి నిషేధం వచ్చింది. మన తొండేభావి అప్పటికింకా కోలారు జిల్లాలోనే ఉంది. ఆడవాళ్లు సంతోషించారు, అది న్యాయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కోరిందీ అదే. అయితే ఏడాది తిరక్కముందే, 2008 మే నెలలో, బెంగళూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాల్లో అదే మిథైల్ విషం నూట యాభై మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అంగడికి తాళం వేశారు గాని, తెల్లవారితే చేతులు వణికేవాడు ఎక్కడికి పోవాలో చూడలేదు.

ఆ వణుకు చిన్న సంగతి కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లు మీద దాడులు జరిగితే, నిజామాబాదు మొదలైన జిల్లాల్లో కల్లు దొరకనివాళ్లు వందలుగా ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛలు, పొంతనలేని మాటలు. కల్తీకి వాడేవి క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం. మూర్ఛకు ఆసుపత్రిలో ఇచ్చేదీ డయాజిపాం జాతి మందే, లెక్కప్రకారం తగ్గిస్తూ. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు మళ్లీ అదే గుంపు.

బ్యాంకువాణ్ణి, పద్దులు చూడడం అలవాటు. ఎక్సైజు రాబడి బడ్జెట్లో విడిగా కనిపిస్తుంది. ఈ మూర్ఛల ఖర్చు మాత్రం ఆసుపత్రుల మామూలు ఖర్చులో కలిసిపోతుంది.

తాగుడు మానిన కొన్ని గంటలకే వణుకు మొదలవుతుంది. మూర్ఛలు రెండు రోజుల లోపల, భ్రాంతులు కూడా రావచ్చు. మూర్ఛ వచ్చినవాణ్ణి నిమ్హాన్స్‌కని బెంగళూరు రైలెక్కించడం కాదు, ముందు గౌరిబిదనూరు ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఇంటివాళ్లు పరువుకోసం జ్వరమని చెప్పకుండా, ఎన్నాళ్లుగా తాగాడో, ఎప్పుడు మానాడో చెప్పాలి. డాక్టరు మొదట అడిగేది అదే.